ఎత్తిపెట్టిన ఫోను

"మేడం, మా యమ్మ పోయింది. దినాలు గూడా అయిపోయినాయి. మీ నెంబరు ఎదురింటోళ్ళ కాడ ఉండాదని తెలీక ముందే చెప్పలేకపోతి" అన్నాడు ఫోనులో ఆమె కొడుకు.

అతను బెంగళూరులో గార పని చేస్తాడు. నాకు పెద్దగా పరిచయం లేదు. చివరి రోజుల్లో బాగా ఇబ్బంది పడిందా అని అడగబోతుంటే అతనే అసలు సంగతికి వచ్చాడు.

"ఇంకొక మాట మేడం. గూట్లో మీ ఆఫీసు ఫోను ఉండాది. గుడ్డలో చుట్టి పెట్టింది. ఇది మనది గాదు, ఆఫీసోళ్ళది, అడిగితే ఇయ్యాల అని చెప్పి చెప్పి పోయింది. యాడికి తెచ్చియ్యాల?"

తెచ్చి ఇవ్వడానికి ఆ ఆఫీసు లేదు. అది ఉన్న మేడ మీద ఇప్పుడెవరో ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. "నువ్వే ఉంచుకో నాయనా, ఎవరూ అడగరు" అన్నాను.

"నిండా చార్జి ఉండాది మేడం" అన్నాడు, అదొక వింతలాగా. "అమాసకు అమాసకు చార్జి పెట్టి, మళ్ళీ ఆపేసి గూట్లో పెడతాండెనంట. సిమ్ము పని చేయని ఫోనుకు చార్జి ఏంటికి పెడతావు అని ఊళ్ళో అందరూ నవ్వేటోళ్ళంట."

నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే వరసగా చెప్పగలను. ఆ వరసలో చాలాకాలం మొదట ఆమే ఉండేది. ఇప్పుడు లేదు.

ఆమె పేరు చెప్పను. ఆమె పేరు చెప్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే నేను చెప్పబోయే పిల్ల ఎవరో తెలుస్తుంది. కంబదూరు దాటి కర్ణాటక వైపు పోతుంటే వచ్చే పల్లెల్లో ఒకటి అనుకుంటే చాలు.

అప్పట్లో నేను కళ్యాణదుర్గంలో ఒక స్వచ్ఛంద సంస్థలో సూపర్‌వైజరును. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెల్లోకి అడుగుపెడుతున్నాయి. పల్లెకొక ఫోను ఇస్తే కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ప్రాణాలు నిలబడతాయని ఎక్కడో విదేశంలో ఎవరికో ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే, ఆ మాట ఇప్పటికీ అంటాను. గర్భిణికి కాళ్ళు వాచినా, నొప్పులు మొదలైనా ఊళ్ళో ఫోనున్న మనిషి ఆరోగ్య కేంద్రంలోని నర్సుకు చెప్తుంది. పరీక్షల్లో ఏదైనా తేడా కనిపిస్తే నర్సు ఊళ్ళో మనిషికి ఫోను చేసి చెప్తుంది. ఒకటి పోయే మాట, ఒకటి వచ్చే మాట. ఇంత చిన్న పనికి మా డైరెక్టరు గారు ఊళ్ళు ఎంపిక కాకముందే సంస్కృతంలో నోరు తిరగని పేరు పెట్టి, ఆ పేరుతో టోపీలు కూడా కుట్టించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ పల్లెలో ఫోను ఎవరికివ్వాలి అని ఆడవాళ్ళందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి అడిగాను. అందరూ ఒకే మనిషిని చూపించారు. "ఆయమ్మకే ఇయ్యండి మేడం. ఆయమ్మ చేతిలో పడింది ఏదీ పోదు" అన్నారు. మెచ్చుకుంటున్నారు అనుకున్నాను. నన్ను ముందే హెచ్చరించారని తెలియడానికి కొంతకాలం పట్టింది.

పొట్టి మనిషి. నడినెత్తి మీద తప్ప జుట్టంతా నెరిసింది. ఏది చేతికిచ్చినా ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూసేది. తర్వాత బొడ్లో దోపుకుని పైనుంచి తట్టేది. ఆ రోజు ఫోను కూడా అట్లాగే తూచింది, దోపుకుంది, తట్టింది. మిగతా ఊళ్ళలో ఆడవాళ్ళు ఫోను తీసుకోగానే చెవిలో పెట్టుకుని నవ్వుకున్నారు. ఈమె మాత్రం "ఇది ఎన్ని దినాలు వస్తాది?" అని అడిగింది.

ఆమె దేన్నీ పూర్తిగా వాడేది కాదు. టీ ఇస్తే సగం తాగి, మిగతా సగానికి మూత పెట్టేది. చల్లారిపోతుంది కదక్కా అంటే, "చల్లారితే ఏమాయ, ఉంటాది గదా" అనేది. తమలపాకును నిలువునా చించి సగం నోట్లో, సగం సంచిలో. సంగటి చేసిన పూట ఒక ముద్ద కుండలో అట్లే ఉండాల్సిందే, ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాకపోతే పొద్దున తనే మజ్జిగలో పిసుక్కుని తాగేది.

ఇంటి మూలలో ఒక కడవ ఉండేది. నిండా నీళ్ళు, పైన మూత, మూత మీద రాయి. దాన్ని ఎవరూ ముట్టకూడదు. నీళ్ళు మార్చేదే తప్ప కడవను ఖాళీ కానిచ్చేది కాదు. ట్యాంకరు రాని రోజుల్లో ఇంటిల్లిపాదీ పక్క ఊరి బోరు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడేవారే గానీ ఆ కడవ మూత తీసేవారు కారు. దూలానికి ఒక మూట వేలాడేది. అందులో విత్తనపు శెనక్కాయలు. "ఒగ ఏడు ముంగారు వాన లేదు, హింగారు వాన లేదు. గంజి తాగినాం గానీ దాని మీద చెయ్యి వేయలా. మా ఇంటాయప్ప ఏడిస్తే గూడా ఇయ్యలా. మర్సటేడు వాన పడితే ఊళ్ళో మొదట విత్తనమేసింది ఎవురు? మేమే" అని కనిపించినప్పుడల్లా చెప్పేది. నేనూ బత్తలపల్లె పిల్లనే, కరువు చూడనిదాన్ని కాదు. మా అవ్వ కూడా ఇట్లా దాచేది. అందుకే ఆమెను చూస్తే ముచ్చటేసేది, మొదట్లో.

ఫోనులో ఆమె మొట్టమొదట నేర్చుకున్నది దాన్ని ఆపడం. పచ్చ మీట, ఎర్ర మీట, నెంబరు నొక్కడం, ఇవన్నీ తర్వాత. ఎర్ర మీట గట్టిగా పట్టుకుంటే దీపం ఆరిపోతుందని తెలిసిన రోజున ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత నేను ఎప్పుడు చేసినా అటునుంచి ఒక అమ్మాయి తీయగా, మీరు చేసిన నెంబరు స్విచాఫ్ చేయబడి ఉన్నది అనేది. ఆ అమ్మాయి గొంతు వింటే చాలు నాకు ఒళ్ళు మండేది. చివరికి బస్సెక్కి పోయాను.

"అక్కా, ఫోనేది?"

"ఉండాది. యాడికి పోతాది?" అంటూ గూట్లోంచి తీసింది. ప్లాస్టిక్ సంచి, అందులో పాత రవిక గుడ్డ, అందులో ఫోను. చల్లగా, చీకటిగా ఉంది.

"రోజూ చేస్తున్నా. ఎప్పుడూ ఆపేసే ఉంటావు."

"మూయకుంటే ఎట్లమ్మా? చార్జి అయిపోదా?" ఫోనుకు కూడా ఆమె తెరవడం, మూయడం అనే మాటలే వాడేది.

"అయిపోతే మళ్ళీ పెట్టుకోవాలి."

"కరెంటు యాడుండాది? వస్తే పొద్దన రొంచేపు వస్తాది. మాపున వస్తే వస్తాది, లేకుంటే ల్యా. ఇదంతా ఈ పొద్దే కాల్చుకుంటే రేపు ఎవురికన్నా నొప్పులొస్తే ఏం చేసేది? నీ కాడికి పరిగెత్తుకోని వచ్చేదా?"

"మేము నీకు చెయ్యాల్సి వస్తే?"

"మీకేం పనమ్మా నాతో? నొప్పులొచ్చేది మా ఊళ్ళో గదా, మీ ఆఫీసులో గాదు గదా."

పరీక్షల సంగతి చెప్పాను. బీపీ గురించి, రక్తం గురించి, కడుపులో బిడ్డ అడ్డం తిరగడం గురించి, నర్సుకు ముందు తెలిసి ఇంటివాళ్ళకు తెలియని ప్రమాదాల గురించి చెప్పాను. అంతా విని, "మూత తీసిన కడవలో మనకంటే ఎండే ఎక్కువ తాగుతాది" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చాలాసేపు వాదించాక తనే ఒక దారి చూపించింది. పొద్దున పాలు పిండేటప్పుడు రొంచేపు తెరుస్తుంది, మాపున దీపం పెట్టేటప్పుడు రొంచేపు తెరుస్తుంది. చేసేవాళ్ళు ఆ పొద్దుకు చేయాలి.

నర్సుకు చెప్తే కస్సుమంది. "ఏం మేడం, ఆయమ్మ గొడ్ల టైము చూసుకోని ఫోన్ చేసే పనే నాకు? ఈడ బాలింతలు, సూదులు, రిపోర్టులు, అన్నీ నా నెత్తినే ఉండాయి."

ఆమె అన్నదీ నిజమే. ఇద్దరి మధ్యా నేను బస్సులెక్కి దిగుతూ ఉండేదాన్ని.

ఇంకోసారి పోయినప్పుడు, నేను సణుగుడు మొదలుపెట్టకముందే అంది: "సరేమ్మా, నువ్వు చెప్పినట్లే తెరిచి పెడతా. ఇంకొకటి ఇయ్యి."

"ఇంకో ఫోనా?"

"ఫోనేంటికి? దీంట్లో ఉంటాది చూడు ఆ బిళ్ళ, అది చాలు. ఒకటి ఎత్తిపెట్టుకుంటా, ఒకటి వాడుకుంటా. ఎత్తిపెట్టుకునేదానికి ఒకటుంటే చేతిలో ఉండేది ఎంతైనా వాడొచ్చు గదా."

కళ్యాణదుర్గం తిరిగొస్తూ బస్సులో ఆ మాటే నెమరేసుకున్నాను. ఆమెకు ఖర్చు పెట్టడం చేతకాక కాదు. వెనకాల ఒకటి ఉందన్న ధైర్యం లేనిదే ముందున్నది ముట్టలేదు, అంతే. ఆ కడవ మూలలో నిండుగా ఉండబట్టే మిగతా కడవలు వాడుకోగలుగుతోంది. ఒక్క బ్యాటరీతో తేలిపోయే పని. సంతోషంగా ఆఫీసుకు పోయి, ప్రతి ఊరికీ ఇంకో బ్యాటరీ కావాలని రాసిచ్చాను. డైరెక్టరు గారు తల ఊపారు. అకౌంటెంటు అడ్డం తిప్పాడు. "బ్యాటరీలకు బడ్జెట్‌లో హెడ్ లేదు మేడం. గోడ గడియారాలకు ఉంది. కావాలంటే గడియారాలు ఇద్దాం." దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు.

గడియారాలే ఇచ్చారు, పథకం పేరు అచ్చేసినవి. ఆమె తన గడియారాన్ని గోడకు తగిలించి, వెనకనున్న సెల్లు ఊడదీసి గూట్లో ఎత్తిపెట్టింది. ఆ గోడ మీద ఎప్పుడూ ఒకటే టైము.

అట్లాంటి మనిషికి ఒకసారి గెలుపు కూడా వచ్చి పడింది, నా ప్రాణానికి. ముంగారు వానకు ముందు పెద్ద గాలి లేచి స్తంభాలు పడిపోయాయి. కరెంటు పోయి రోజులు గడిచినా రాలేదు. అప్పటికే ఊళ్ళో మోటారున్న రైతులకు ఫోన్లు వచ్చాయి. వాళ్ళ కుర్రవాళ్ళు పాటలు పెట్టుకుని పెట్టుకుని ఆ ఫోన్లన్నీ పండబెట్టారు. ఆ సమయంలో ఒక ఇంట్లో కాన్పు అయి, మాయ పడక, నెత్తురు ఆగలేదు. అందరూ చచ్చిన ఫోన్లు చేత్తో కొట్టుకుంటుంటే ఈమె గుడ్డ విప్పి, ఫోను తెరిచి, నిండు చార్జితో కంబదూరు జీపతనికి, ఆరోగ్య కేంద్రానికి చేసింది. తల్లి బతికింది, బిడ్డా బతికింది.

నన్ను చూడగానే "చూస్తివా?" అంది. అంతే. అసలే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. ఇప్పుడు ఆ కుందేలు నిజంగానే మూడు కాళ్ళతో ఎదురుగా వచ్చి కూర్చుంది.

కథ ఆఫీసుకు తెలిసింది. హైదరాబాదు నుంచి ఫోటోలు తీసే అతను వచ్చాడు. ఆమెను గడప ముందు నిలబెట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకొమ్మన్నాడు. తెర మీద వెలుతురు కనపడాలి, ఆన్ చేయమన్నాడు. చేసింది. అతను "అయిపోయిందమ్మా" అన్న మరుక్షణం ఎర్ర మీట నొక్కి పట్టుకుంది. ఆ ఫోటో రంగుల పుస్తకం అట్ట మీదకెక్కింది. కింద పెద్ద అక్షరాలు: ఎల్లవేళలా అందుబాటులో. ఆ పుస్తకం చూసిన రోజు నేను ఆఫీసులో గట్టిగానే మాట్లాడాను. "పాజిటివ్‌గా ఆలోచించడం నేర్చుకోండి" అన్నారు డైరెక్టరు గారు.

ఆ పిల్ల ఆమెకు ఎదురింటి అమ్మాయి. అత్తగారిది పావగడ వైపు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. చిన్నప్పటినుంచీ ఈమె ఒళ్ళో పెరిగిన పిల్ల కావడంతో పొద్దంతా ఈమె అరుగు మీదే ఉండేది. నేను పోయినప్పుడల్లా ఇద్దరూ ఏదో ఒకటి ఒలుస్తూ, చెరుగుతూ, కోట్లాడుకుంటూ కనిపించేవారు. ఆ పిల్ల నన్ను చూసి, "మేడం, పెద్దమ్మ ఏం చేసిందో తెలుసా? విత్తనాల మూట విప్పింది!" అంది ఒకసారి. నేను నమ్మలేదు. తలెత్తి చూస్తే దూలం కింద మూట నిజంగానే సగానికి దిగింది. కడుపుతో ఉన్న పిల్ల వేయించిన కాయలు తినాలని ఉందన్నదట.

"ఏమక్కా, కట్టుకున్న ఆయన ఏడిస్తే కూడా ఇవ్వలేదన్నావు?"

"ఆయప్పకు కడుపా, కాలా?" అంది ఆమె కాయలు ఒలుస్తూనే. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకు ఆమె మూతి బిగించుకుంది గానీ కళ్ళు ఆగలేదు.

నెలలు నిండుతుండగా ఆ పిల్లకు కాళ్ళు వాచాయి. ఈమే బస్సెక్కించుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. డాక్టరు మీటింగుకు వెళ్ళి లేడు. నర్సు బీపీ చూసి, మూత్రం పరీక్షకు తీసుకుని, డాక్టరు రాగానే చూపించి చెప్తాను పోండమ్మా అని పంపేసింది. ఇద్దరూ మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. కాసేపటికే డాక్టరు వచ్చి, చీటీ చూసి, ఈ అమ్మాయిని ఇంటికెందుకు పంపారు, ఇప్పుడే అనంతపురం పంపించండి అని కేకలేశాడు.

నర్సు ఫోను చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే. నాకు చేసి ఏడుపు గొంతుతో చెప్పింది. నేను చేశాను. తీయని గొంతు అమ్మాయి అదే మాట, అదే తీపితో. ఆ ఊళ్ళో పిండిమర నడిపే ఆయనకు చేస్తే, "నేను మార్కెట్లో ఉండానమ్మా, ఊళ్ళో లేను" అన్నాడు. జీపతను ఎత్తలేదు. ఇక కూర్చోలేక కళ్యాణదుర్గంలో ఒక ఆటో మాట్లాడుకుని బయలుదేరాను. దారంతా అదే నెంబరు నొక్కుతూనే ఉన్నాను.

ఊళ్ళోకి పోయేసరికి గొడ్లు ఇళ్ళకు మళ్ళుతున్నాయి. ఆమె గడపలో నిలబడి గుడ్డ విప్పుతోంది. దీపం పెట్టే పొద్దయింది. నన్ను చూసి, "వస్తివా! ఇప్పుడే తెరుస్తాండా, నీకు చేద్దామనే. పిల్ల ఎట్లెట్లో చేస్తాందమ్మా" అంది.

లోపల ఆ పిల్లకు ఫిట్సు వస్తున్నాయి. ఎవరో గాలి సోకిందని వేపమండలు తెచ్చారు. అరుగు మీద ఒలిచిన కాయలు చేటలో అట్లాగే ఉన్నాయి. మధ్యాహ్నం నుంచీ ఇద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారట. ఆ చేటకూ గూటికీ మధ్య ఒక గోడే అడ్డం.

ఆటోలో పడుకోబెట్టుకుని కంబదూరు, అక్కడినుంచి జీపులో అనంతపురం. పిల్ల తల ఆమె ఒళ్ళో ఉంది. అనంతపురం చేరకముందే ప్రాణం పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

ఆ తర్వాత పరామర్శకు పోయినప్పుడు ఆమె ఏడవలేదు. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "చూడమ్మా. మీరు చేసినట్ల దీంట్లో ఏమీ ల్యా."

మూసిన ఫోనులో ఎవరు చేసిందీ పడదక్కా అని చెప్పాను.

"అయితే మీరు చేసినట్ల నాకెట్ల తెలిసేది?"

వాదించడానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. "తెరిచి పెట్టుంటే తెలిసేది!" అని అరిచాను. ఎదురింట్లో ఆ పిల్ల తల్లి వినేంత గట్టిగా అరిచాను. నాకు ఆమె మీద అంత కోపంగా ఉంది. అప్పటికీ మూలలో ఆ కడవ నిండుగా ఉంది, మూత మీద రాయి ఉంది. దాన్ని ఎత్తి బజార్లో పగలగొట్టాలనిపించింది.

ఆఫీసులో రిపోర్టు రాశారు. అందులో ఆమె తప్పు లేదు, నర్సు తప్పు లేదు, డాక్టరు మీటింగు లేదు, బ్యాటరీ లేదు. నెట్‌వర్క్ సమస్య అని ఒక్క మాట ఉంది. ఎవరి ఉద్యోగానికీ, ఎవరి పుస్తకానికీ దెబ్బ తగలకుండా ఒక పిల్ల చావును రెండు పదాల్లో సర్దేశారు. నేను మళ్ళీ బ్యాటరీల కాగితం పెట్టాను. ఈసారి టీషర్టులు వచ్చాయి. నా నోరు ఎక్కువైందని కాబోలు, నన్ను గార్లదిన్నె వైపు వేరే పనికి పంపేశారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అంటారు, అది నిజమే గానీ చించుకోకుండా ఎట్లా ఉంటారో నాకు తెలియదు.

తర్వాత పథకం కాలం ముగిసింది. విదేశంవాళ్ళు వేరే దేశం చూసుకున్నారు. ఫోన్లు ఎవరికిచ్చినవి వాళ్ళనే ఉంచుకొమ్మన్నారు, కనెక్షన్లన్నీ ఒకేసారి తీసేశారు. ఊళ్ళవాళ్ళకు చెప్పారా అని నా పాత తోటి ఉద్యోగిని అడిగాను. "చెప్పాం మేడం, అందరి ఫోన్లకూ మెసేజీ పెట్టాం" అంది. ఇంగ్లీషులో పెట్టారు.

చాలా రోజుల తర్వాత ఏదో పని మీద కంబదూరు పోయి, మనసాగక ఆ ఊరి బస్సెక్కాను. ఆమె అరుగు మీదే ఉంది. నన్ను చూసి లేచి, చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. గడప పక్కన, తలెత్తితే కనిపించేటట్టు ఒక మేకు. మేకుకు మూతి కట్టని గుడ్డ సంచి. సంచిలో ఫోను.

"చూడు" అంది. "ఆ పొద్దు నుంచి ఒక్క పూట గూడా మూయలా."

కరెంటు లేని రోజుల్లో ఏం చేస్తావు అని అడిగాను. ట్రాక్టరు బ్యాటరీకి తగిలించమని ఎవరినో బతిమాలుతుందట. అదీ కుదరకపోతే బస్సెక్కి కంబదూరు పోయి, తెలిసిన దర్జీ అంగట్లో చార్జికి పెట్టి, నిండేదాకా గమ్మున కూర్చుని వస్తుందట. పడుకునేటప్పుడు దిండు పక్కన పెట్టుకుంటుందట. అరచేతిలో పెట్టుకుని ఇవన్నీ చెప్తుంటే ఫోను తెర వెలిగింది. సిమ్ము పని చేయడం లేదని ఇంగ్లీషులో కనిపిస్తోంది.

"ఎవరైనా చేస్తున్నారా అక్కా?" అన్నాను.

"యాడ చేస్తారు? చాన్నాళ్ళాయ, ఒక్కటీ రాలా. మంచిదే గదమ్మా. ఫోను రాలేదంటే ఎవురికీ ఏం కాలేదనే గదా?" ఎదురింటి వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఆ పిల్ల తమ్మునికి పెండ్లాయ. కోడలికి నెలలు నిండుతాండాయి. పొద్దన నేనే పరీక్షకు పిల్చుకోని పోతి. చూసి చెప్తామన్రి. ఇంతవరకూ ఫోను రాలా. బాగుండాదనే గదా?"

వెంటనే ఆ కోడలి పేరు అడిగాను. నా ఫోను తీసి ఆరోగ్య కేంద్రానికి చేశాను. కొత్త నర్సు. ఆ కోడలి పేరు చెప్పి, పరీక్షలు చూశారా అని అడిగాను. వెతికి, బాగానే ఉంది మేడం, ఇబ్బందేమీ లేదు అంది. ఆ ఊరికి చెప్పాలంటే ఏ నెంబరుకు చేస్తారు అని అడిగాను. ఆ ఊరి నెంబరు తన దగ్గర ఏదీ లేదంది.

ఇక చెప్పక తప్పలేదు.

"అక్కా, ఈ ఫోనుకు ఎవరు చేసినా రాదు. ఎప్పుడో ఆపేశారు."

"నేను మూయలా గదమ్మా?" అంది బెదిరిపోయి.

"నువ్వు మూయలేదు. వాళ్ళు మూసేశారు."

"నాకు చెప్పల్యా?"

"చెప్పారంట. ఇంగ్లీషులో."

తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. నన్ను తిట్టినా సరే. ఫోనును అరచేతిలో మళ్ళీ ఒకసారి తూచింది. ఎదురింటి కోడలు వాకిట్లో బిందె దించుకుంటోంది. ఆ అమ్మాయిని చూసి, నన్ను చూసి, "నీ నెంబరు ఆ పిల్లకు ఇచ్చిపోమ్మా" అంది. ఇచ్చాను. నర్సు నెంబరు కూడా రాసిచ్చాను.

నేను తిరిగి వచ్చేసరికి ఆమె గూటి ముందు నిలబడి ఉంది. ఎర్ర మీటను, దీపం ఆరిపోయేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకుంది. రవిక గుడ్డ తెచ్చి చుట్టింది. గుడ్డను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గూట్లోకి జరిపి, పైనుంచి తట్టింది.

"ఇంకెందుకక్కా అది?" అన్నాను.

"ఎవురన్నా మళ్ళీ మొదలుపెడితే నాకు చెప్పమ్మా" అంది. "నిండుగా ఉండాది."